బాగా తింటున్నా చిక్కిపోతున్నారా? గుండె దడ, చేతుల వణుకు కూడా ఉందా? అయితే ఒక్కసారి థైరాయిడ్ చెక్ చేయించుకోండి!

డైటింగ్ లేదు.. జిమ్ లేదు.. ఆకలి మునుపటి కంటే ఎక్కువే ఉంది. అయినా రెండు మూడు నెలల్లోనే ఐదారు కిలోలు తగ్గిపోయారు. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడుతోంది. అందరూ దుప్పటి కప్పుకుంటుంటే మీకు మాత్రం ఫ్యాన్ కావాలి. చిన్న మాటకే కోపం ముంచుకొస్తోంది. ఇంట్లోవాళ్లేమో "టెన్షన్ పెట్టుకోకు, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటున్నారు. చుట్టాలు దిష్టి తగిలిందంటున్నారు. పక్కింటివాళ్లు షుగర్ వచ్చిందేమో చూపించుకోమంటున్నారు.

ఇలాంటప్పుడు గుర్తుకు రావాల్సిన మరో పేరు హైపర్ థైరాయిడ్. అంటే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేయడం. ఒక్క రక్త పరీక్షతో ఇది చాలావరకు బయటపడుతుంది. మంచి చికిత్స కూడా ఉంది. అసలు సమస్య ఏంటంటే.. దీన్ని వేరే జబ్బు అనుకుని నెలలు గడిపేయడం. ఆ లోపు గుండె, ఎముకలు, కళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది.

థైరాయిడ్ అంటే లావెక్కడం ఒక్కటే కాదు

మన ఇళ్లలో "ఆమెకు థైరాయిడ్ ఉంది" అనగానే గుర్తొచ్చేది లావెక్కడం, నీరసం, పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న మాత్ర. అది హైపో థైరాయిడ్. గ్రంథి తక్కువగా పనిచేసినప్పుడు వచ్చేది. ఎక్కువ మందిలో కనిపించేది అదే కాబట్టి థైరాయిడ్ అంటే అదొక్కటే అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. అందుకే సన్నబడుతున్నవాళ్లకు థైరాయిడ్ అనుమానమే రాదు.

థైరాయిడ్ గ్రంథి గొంతు ముందు భాగంలో, కింది వైపు సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. ఇది టీ3, టీ4 అనే హార్మోన్లను తయారుచేస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్నది ఎంత త్వరగా ఖర్చు కావాలి, ఒంట్లో వేడి ఎంత ఉండాలి.. ఇలాంటివన్నీ వీటి మీద ఆధారపడి ఉంటాయి. దీన్ని ఫ్యాన్ రెగ్యులేటర్‌లా అనుకోండి. హైపోలో రెగ్యులేటర్ ఒకటి మీదే ఆగిపోతుంది. హైపర్‌లో ఐదు మీద ఇరుక్కుపోతుంది. మీరు పడుకున్నా సరే, శరీరం పరిగెడుతూనే ఉంటుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవడానికి, పని చేయకపోయినా అలసిపోవడానికి కారణం ఇదే.

లక్షణాలు ఎలా ఉంటాయి?

అందరికీ అన్నీ ఉండాలని లేదు. అయితే కింద చెప్పినవాటిలో రెండు మూడు కలిసి కొన్ని వారాలుగా వేధిస్తుంటే తేలిగ్గా తీసుకోవద్దు.

* ఆకలి బాగానే ఉన్నా బరువు తగ్గడం. బట్టలు, గాజులు, ఉంగరాలు వదులు కావడం.
* గుండె దడ. విశ్రాంతిలో ఉన్నా నాడి నిమిషానికి 100 దాటడం, లేదా లయ తప్పడం.
* చేతి వేళ్లు సన్నగా వణకడం. టీ గ్లాసు పట్టుకున్నా, సూదిలో దారం ఎక్కించబోయినా తెలిసిపోతుంది.
* వేడి తట్టుకోలేకపోవడం, ఎక్కువ చెమటలు, అరచేతులు ఎప్పుడూ వెచ్చగా, తడిగా ఉండటం.
* ఆందోళన, చిరాకు, నిద్ర పట్టకపోవడం.
* రోజుకు ఎక్కువసార్లు విరేచనానికి వెళ్లాల్సి రావడం.
* తొడల్లో, భుజాల్లో బలం తగ్గడం. మెట్లు ఎక్కలేకపోవడం, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోవడం.
* ఆడవాళ్లలో నెలసరి తక్కువగా రావడం లేదా తప్పడం.
* గొంతు ముందు వాపు. కళ్లు పెద్దవై బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపించడం.
* జుట్టు పలచబడటం, ఎప్పుడూ నీరసం.

ఇంట్లోనే రెండు చిన్న పరీక్షలు చేసి చూడొచ్చు. పొద్దున నిద్ర లేవగానే మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. నాలుగైదు రోజులు వరసగా 100 దగ్గర, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే డాక్టర్‌కు చెప్పాల్సిన విషయమే. రెండోది.. చేతులు ముందుకు చాపి, వేళ్లు విడదీసి, వాటి మీద పలచటి కాగితం పెట్టండి. వణుకు ఉంటే కాగితం అదిరిపోతుంది. వీటితో జబ్బు నిర్ధారణ కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

పొరబడేది ఇక్కడే!

ఈ జబ్బు వేరే జబ్బుల వేషంలో వస్తుంది. అందుకే రోగులు ఒక డాక్టర్ నుంచి మరో డాక్టర్ దగ్గరికి తిరుగుతుంటారు.

షుగర్ అనుకోవడం: ఆకలి, బరువు తగ్గడం, నీరసం షుగర్‌లోనూ ఉంటాయి. పైగా హైపర్ థైరాయిడ్ ఉంటే రక్తంలో షుగర్ కూడా పెరగొచ్చు. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు మందులు వేసుకుంటున్నా అదుపు తప్పుతుంటే థైరాయిడ్ కూడా చూడాలి.

టెన్షన్ అనుకోవడం: దడ, చెమటలు, నిద్ర లేకపోవడం చూసి మానసిక ఒత్తిడి అనేస్తారు. తేడా ఏంటంటే.. ఒత్తిడిలో ఉన్నవాళ్ల చేతులు తరచూ చల్లగా చెమట పడతాయి. థైరాయిడ్ ఎక్కువైతే వెచ్చగా ఉంటాయి. మరో తేడా.. టెన్షన్ తగ్గినా, నిద్రలో ఉన్నా నాడి వేగం తగ్గదు.

నెలసరి ఆగే వయసు అనుకోవడం: 45 దాటిన ఆడవాళ్లలో ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలు, చిరాకు సహజమే అని వదిలేస్తారు. బరువు కూడా తగ్గుతుంటే మాత్రం పరీక్ష చేయించాల్సిందే.

గుండె జబ్బు అనుకోవడం: కొందరిలో మొదట బయటపడేది గుండె లయ తప్పడమే. దీనికి పేరున్న ఉదాహరణ అమెరికా మాజీ అధ్యక్షుడు సీనియర్ జార్జి బుష్. 1991 మేలో జాగింగ్ చేస్తుండగా ఆయన గుండె లయ తప్పింది. పరీక్షలు చేస్తే అసలు కారణం థైరాయిడ్ అని తేలింది. అంతకుముందే ఆయన భార్య బార్బరా బుష్‌కు కూడా ఇదే జబ్బు బయటపడింది.

పెద్దవాళ్లలో మరోలా: 65 దాటినవాళ్లలో వణుకు, హడావుడి కనిపించకపోవచ్చు. ఆకలి తగ్గి, మౌనంగా, దిగులుగా ఉండిపోతారు. "వయసైపోయింది కదా" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అమ్మానాన్నలు కారణం లేకుండా చిక్కిపోతుంటే, ఆయాసపడుతుంటే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి.

మగవాళ్లలో మరో ప్రమాదం: ఆసియా దేశాల యువకుల్లో అరుదుగా కనిపించే లక్షణం ఇది. రాత్రి అన్నం, స్వీట్లు బాగా తిన్నాకో, గట్టిగా పనిచేసి పడుకున్నాకో తెల్లవారేసరికి కాళ్లు కదలవు. రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పడిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. పక్షవాతం అని భయపడతారు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుండెకూ ప్రమాదం ఉంటుంది. ఆ తర్వాత థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి.

రెండేళ్లు తెలియలేదు.. ఆ తర్వాత ఒలింపిక్ స్వర్ణం!

ఈ ఆలస్యం ఎంత ఖరీదైందో అమెరికా పరుగుల రాణి గేల్ డెవర్స్ కథ చెబుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ నాటికే ఆమె ఆరోగ్యం దెబ్బతినడం మొదలైంది. బరువు తగ్గింది, జుట్టు రాలింది, చూపు మసకబారింది. దాదాపు రెండేళ్లు కారణం తెలియలేదు. చివరికి 1990లో గ్రేవ్స్ డిసీజ్ అని తేలింది. చికిత్స సమయంలో పాదాలు ఎంతగా వాచి పుళ్లు పడ్డాయంటే, కాళ్లు తీసేయాల్సి వస్తుందేమో అన్నంతవరకు వెళ్లింది. అక్కడి నుంచి కోలుకున్న డెవర్స్ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచింది. 1996 అట్లాంటాలో మళ్లీ అదే పరుగులో స్వర్ణం కొట్టింది. జబ్బేంటో తేలితే, చికిత్స సరిగ్గా జరిగితే మామూలు జీవితానికి తిరిగి రావచ్చు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఎందుకొస్తుంది?

ఎక్కువ మందిలో కారణం గ్రేవ్స్ డిసీజ్. 1835లో ఐర్లాండ్ డాక్టర్ రాబర్ట్ గ్రేవ్స్ దీన్ని వివరించారు. ఆయన పేరే జబ్బుకు వచ్చింది. మన శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున థైరాయిడ్‌ను రెచ్చగొట్టే యాంటీబాడీలను తయారుచేయడమే దీనికి మూలం. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా థైరాయిడ్ సమస్య ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది.

రెండో కారణం థైరాయిడ్‌లో ఏర్పడే గడ్డలు. వయసు పైబడినవాళ్లలో ఇవి సొంతంగా హార్మోన్ తయారుచేయడం మొదలుపెడతాయి. మూడోది గ్రంథికి వాపు రావడం. అప్పుడు లోపల నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తుంది. కాన్పు తర్వాత ఏడాదిలోపు కొందరు తల్లులకు ఇలా అవుతుంది. "బాలింత నీరసం" అని వదిలేస్తే తెలియకుండానే కొన్ని నెలల్లో హైపోలోకి మారిపోవచ్చు.

నాలుగోది మనం చేజేతులా తెచ్చుకునేది. హైపో థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ మాత్ర డోసు ఎక్కువైనా ఇవే లక్షణాలు వస్తాయి. బరువు తగ్గుతామని పక్కింటావిడ మాత్రలు తెచ్చి వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇది గుండెతో చెలగాటమే. గుండె లయ సరిచేయడానికి వాడే అమియోడరోన్ అనే మందు వల్ల కూడా థైరాయిడ్ ఎక్కువ కావొచ్చు. అందుకే మీరు వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించండి.

రిపోర్టులో టీఎస్‌హెచ్ తక్కువ.. మరి డాక్టర్ ఎక్కువంటారేంటి?

చాలామంది తికమకపడేది ఇక్కడే. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి థైరాయిడ్‌కు వెళ్లే ఆర్డర్ అనుకోండి. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే "ఇక చాలు" అన్నట్టు ఆర్డర్ ఆగిపోతుంది. కాబట్టి హైపర్ థైరాయిడ్‌లో టీఎస్‌హెచ్ బాగా తగ్గుతుంది. టీ3, టీ4 పెరుగుతాయి. హైపోలో దీనికి రివర్స్.

చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ నార్మల్ పరిధి సుమారు 0.4 నుంచి 4 వరకు ఉంటుంది. ల్యాబును బట్టి కొంచెం మారుతుంది. రిపోర్టు చూసి "తక్కువే ఉంది, మంచిదే" అనుకుని ఇంట్లో పెట్టేయొద్దు. 0.01 లాంటి అంకె కనిపిస్తే డాక్టర్‌ను కలవాల్సిందే.

ఒక ముఖ్యమైన విషయం. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లలో కొన్ని ల్యాబ్ పరీక్షలు తప్పుగా హైపర్ థైరాయిడ్ చూపించొచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. ల్యాబులో కూడా ఆ సంగతి చెప్పండి.

జబ్బు ఉందని తేలాక ఎందుకొచ్చిందో తెలుసుకోవాలి. అందుకు యాంటీబాడీ పరీక్ష, థైరాయిడ్ స్కాన్, గొంతు అల్ట్రాసౌండ్ లాంటివి రాస్తారు. ఇవి అనవసర ఖర్చు కాదు. గ్రేవ్స్‌కు వాడే మాత్రలు గ్రంథి వాపుకు పనిచేయవు. కారణం తేలకుండా మందు మొదలుపెడితే ఉపయోగం ఉండదు.

చికిత్స మూడు దారుల్లో

ముందుగా దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు ఇస్తారు. ఇవి త్వరగానే ఉపశమనం ఇస్తాయి. అయితే ఆస్తమా ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ తర్వాత అసలు చికిత్స.

1. మాత్రలు: కార్బిమజోల్ లేదా మెథిమజోల్. హార్మోన్ తయారీని ఇవి తగ్గిస్తాయి. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. గ్రేవ్స్‌లో సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడతారు. ఆపాక దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెట్టొచ్చు. కాబట్టి ఆ తర్వాత కూడా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

2. రేడియో అయోడిన్: క్యాప్సూల్ లేదా ద్రవం రూపంలో ఇస్తారు. థైరాయిడ్ దాన్ని పీల్చుకుంటుంది. ఎక్కువగా పనిచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. రేడియేషన్ అనగానే క్యాన్సర్ చికిత్స అనుకుని భయపడేవాళ్లున్నారు. 1940ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రం ఇవ్వకూడదు. తీసుకున్నాక కొన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. ఆడవాళ్లు కనీసం ఆరు నెలలు గర్భం వాయిదా వేసుకోవాలి.

3. ఆపరేషన్: గడ్డ పెద్దదిగా ఉన్నా, శ్వాసకు, మింగడానికి అడ్డుపడుతున్నా, క్యాన్సర్ అనుమానం ఉన్నా దీన్ని ఎంచుకుంటారు. ముందు మందులతో హార్మోన్ అదుపులోకి తెచ్చాకే చేస్తారు. గొంతు నరానికి, క్యాల్షియం చూసే చిన్న గ్రంథులకు దెబ్బ తగిలే అవకాశం కొంత ఉంటుంది. అందుకే అనుభవమున్న సర్జన్ ముఖ్యం.

రేడియో అయోడిన్, ఆపరేషన్ తర్వాత చాలామందికి థైరాయిడ్ తక్కువవుతుంది. అప్పుడు రోజూ ఒక థైరాక్సిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఇది చికిత్స వికటించడం కాదు. ముందే ఊహించేదే. ఆ చిన్న మాత్రతో మామూలుగా బతకొచ్చు.

మాత్రలు వాడేవాళ్లు ఇది మర్చిపోవద్దు!

కార్బిమజోల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో చాలా అరుదుగా తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. జ్వరం, గొంతు నొప్పి, నోటి పుళ్లు దీనికి గుర్తులు. అలాంటప్పుడు మెడికల్ షాపులో జ్వరం బిళ్ల తెచ్చుకుని సరిపెట్టుకోవద్దు. థైరాయిడ్ మాత్ర ఆపి, అదే రోజు డాక్టర్‌ను కలిసి రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపించినా ఆలస్యం చేయొద్దు. అది కాలేయానికి సంబంధించిన హెచ్చరిక.

ఇవి తప్ప మిగతా ఏ కారణంతోనూ సొంతంగా మందు ఆపొద్దు. చాలామంది రెండు కారణాలతో మధ్యలో మానేస్తున్నారు. ఒకటి, దడ తగ్గింది కదా అని. రెండు, బరువు పెరుగుతున్నామని. చికిత్సతో పోయిన బరువు తిరిగి రావడం సహజం. తిండి కొంచెం తగ్గించుకోవాలి, నడక పెంచుకోవాలి. అంతే తప్ప మందు మానేస్తే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. మొదట్లో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్త పరీక్ష చేసి డోసు మారుస్తారు. టీ3, టీ4 నార్మల్ అయ్యాక కూడా టీఎస్‌హెచ్ కొన్ని నెలలు తక్కువగానే ఉండొచ్చు. కంగారు పడక్కర్లేదు.

గర్భం ప్లాన్ చేసుకుంటున్నారా?

ముందే డాక్టర్‌కు చెప్పండి. కార్బిమజోల్, మెథిమజోల్ వల్ల మొదటి నెలల్లో బిడ్డ అవయవాల ఎదుగుదలపై ప్రభావం పడే అవకాశం ఉంది. అందుకే తొలి మూడు నెలల్లో మందు అవసరమైతే వేరే మాత్ర ఇస్తారు. అలాగని భయపడి చికిత్సే ఆపేస్తే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు లాంటి ముప్పులు ఉంటాయి. మరో మాట.. గర్భం వచ్చిన తొలి నెలల్లో టీఎస్‌హెచ్ సహజంగానే కొంత తగ్గుతుంది. తగ్గిన ప్రతి ఒక్కరికీ జబ్బు ఉన్నట్టు కాదు. డాక్టర్ తేలుస్తారు.

కళ్లు ఉబ్బితే.. సిగరెట్ మానాల్సిందే

గ్రేవ్స్ ఉన్న కొందరికి కళ్లు ఎర్రబడతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి, బయటికి పొడుచుకొస్తాయి. పొగ తాగితే ఇది బాగా ముదురుతుంది. ఒకే వస్తువు రెండుగా కనిపించినా, రంగులు వెలిసినట్టున్నా, చూపు తగ్గినా వెంటనే కంటి డాక్టర్‌కు చూపించాలి. ఇలాంటివాళ్లకు రేడియో అయోడిన్ ఇవ్వాలా వద్దా అన్నది జాగ్రత్తగా ఆలోచించి నిర్ణయిస్తారు.

ఇక తిండి విషయానికొస్తే.. ఏ కషాయమూ, ఏ ఆకురసమూ ఈ జబ్బుకు మందుల స్థానంలో పనిచేయవు. ఇంట్లో వాడే అయోడైజ్డ్ ఉప్పు మామూలు మోతాదులో వాడుకోవచ్చు. రేడియో అయోడిన్ ముందు మాత్రం డాక్టర్ చెప్పినట్టు మార్చుకోవాలి. అయోడిన్ ఎక్కువగా ఉండే సప్లిమెంట్లు సొంతంగా వేసుకోవద్దు. జబ్బు అదుపులోకి వచ్చేదాకా కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు తగ్గిస్తే దడ కొంత తగ్గుతుంది. ఎముకల బలం కోసం పాలు, పెరుగు, రాగులు తీసుకోవడం మంచిది.

ఇలా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి

థైరాయిడ్ ఎక్కువగా ఉండి చికిత్స తీసుకోనివాళ్లకు, మందులు మానేసినవాళ్లకు ఇన్ఫెక్షన్, ఆపరేషన్, ప్రమాదం లాంటివి జరిగినప్పుడు పరిస్థితి ఒక్కసారిగా విషమించొచ్చు. దీన్నే థైరాయిడ్ స్టార్మ్ అంటారు. తీవ్రమైన జ్వరం, నిమిషానికి 140 దాటే నాడి, వాంతులు, విరేచనాలు, ఏదేదో మాట్లాడటం, స్పృహ తప్పడం దీని లక్షణాలు. ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి ఇది. అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, థైరాయిడ్ సమస్య ఉందని మొదటే చెప్పాలి. ఛాతీ నొప్పి, తీవ్ర ఆయాసం, కాళ్లు కదలకపోవడం ఉన్నా ఆగొద్దు.

ఎవరిని కలవాలి?

మొదట దగ్గర్లోని జనరల్ ఫిజీషియన్ చాలు. లక్షణాలు చెప్పి టీఎస్‌హెచ్ పరీక్ష అడగండి. తేడా ఉంటే ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి పంపిస్తారు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రికే వెళ్లాలని లేదు. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ లాంటి చోట్ల ఈ విభాగం ఉంది. తెలంగాణలో ప్రభుత్వ డాక్టర్ రాసిస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా థైరాయిడ్ పరీక్ష ఉచితంగా చేయించుకోవచ్చు.

వెళ్లేముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఎన్ని నెలల్లో ఎంత బరువు తగ్గారు? పొద్దున నాడి ఎంత ఉంటోంది? ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్ ఉందా? ఇప్పుడు ఏ మందులు, విటమిన్ మాత్రలు వాడుతున్నారు? ఆ నాలుగు ముక్కలు చూస్తే డాక్టర్‌కు దారి సగం దొరికినట్టే.

ఇంట్లో ఎవరైనా బాగా తింటూనే చిక్కిపోతుంటే, ఊరికే చిరాకు పడుతుంటే వాళ్లను తిట్టడానికి ముందు ఒక్కసారి ఈ పరీక్ష చేయించండి.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.)